మా నాయన చేయించిన ఇత్తడి బుష్షు

మా ఇంట్లో పూజ అలమరలో ఊదొత్తులు గుచ్చుకునే స్టాండు ఒకటుంది. అది నిజానికి స్టాండు కాదు, ఆయిల్ ఇంజనుకు వేసిన ఇత్తడి బుష్షు. బొటనవేలి కంటే కాస్త లావుగా, లోపల బోలుగా, ఒక కొసన చిన్న అంచుతో ఉంటుంది. లోపల ఇసక పోసి మా ఆవిడ సుశీల ఊదొత్తులు గుచ్చుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అటక మీద దొరికితే మూల పడేయడానికి మనసొప్పక అలా వాడుకలోకి తెచ్చింది. ఏళ్ల తరబడి బూడిద పడీ పడీ అది ఇత్తడన్న సంగతే మాసిపోయింది. మొన్న దాన్ని తీసి, ఇసక దులిపి, చింతపండు పెట్టి తోమి, నా కంప్యూటర్ బల్ల మీద పెట్టుకున్నాను. సుశీల గడపలో నిలబడి చూసింది.

"పూజ సామాను తెచ్చి ఆ బల్ల మీద పెట్టినావేంది?"

"పూజ సామాను కాదు, ఇంజను సామాను."

"నేనొచ్చినప్పటి నుంచీ పూజ సామానే. నీ పని అయినాక దాని చోట అది ఉండాల" అని లోపలికి పోయింది.

ఆ బుష్షును ఎందుకు తీశానో చెప్పాలంటే ముందు నా కోపం సంగతి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత చదివిందంతా నాకు నేను చదువుకున్నదే. మొదట టైపు నేర్చుకున్నాను, ఆ తర్వాత కంప్యూటర్. అల్లూరులో డిటిపి షాపు పెట్టుకుని పెళ్లి పత్రికలు, కరపత్రాలు, గుడి వాళ్లవీ చర్చి వాళ్లవీ ఆహ్వానాలు, అన్నీ ఈ చేతులతోనే కొట్టాను. షాపు మూసేసినా ఆ కంప్యూటర్ని ఇంటికి తెచ్చుకున్నాను. అందులో ఒక పాత తెలుగు టైపు ప్రోగ్రాం ఉంది. ఏ అక్షరం ఎక్కడుందో నా వేళ్లకు తెలుసు, నాకు తెలియదు. చూసి కొట్టమంటే తడబడతాను. నేను ఇన్నాళ్లూ రాసుకున్నదంతా ఆ ప్రోగ్రాం అక్షరాల్లోనే ఉంది. మా ఊరి మనుషుల సంగతులు, పోయినవాళ్ల సంగతులు, ఈ జ్ఞాపకాలు. వేరే దాంట్లో తెరిస్తే చీమలు పాకినట్టు ఏవో గుర్తులు కనిపిస్తాయి, అంతే.

అలాంటి నా కంప్యూటర్ ఒక పొద్దున తెర నిండా ఒక మాట చూపించింది. ఇక నీ పాత సిస్టంకు మా దగ్గర్నుంచి రక్షణ ఉండదు, కొత్తది ఎక్కించుకోవాలి, కానీ నీ కంప్యూటర్ కొత్తదానికి తగదు. ఆపరేటింగ్ సిస్టం అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు నిద్రలేచి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ పని పురమాయించేది అదే. అది లేకపోతే మిగిలింది ఇనప డబ్బా. మన చుట్టుపక్కల ఏ ఆఫీసుకు పోయినా, ఏ షాపుకు పోయినా ఒకే కంపెనీ సిస్టం ఉంటుంది. నా కంప్యూటర్‌కేం వచ్చింది? నిక్షేపంగా నడుస్తోంది. నడిచే ఎద్దును తోలుకొచ్చి సంతలో వదిలెయ్యమన్నట్టు ఉంది నాకు.

బస్సెక్కి నెల్లూరు పోయి, నాకు తెలిసిన రిపేరు షాపు సురేష్‌ను అడిగాను. మంచివాడు, అబద్ధం చెప్పడు.

"పెద్దాయనా, కొత్త మిషన్ తీసుకోండి. వేరే దారి లేదు."

"కొత్తదాంట్లో నా తెలుగు ప్రోగ్రాం నడుస్తుందా?"

తల గోక్కున్నాడు. "అది పాతది గదా. గ్యారంటీ చెప్పలేను."

"అంటే డబ్బు పోసి కొత్తది కొని, నేను రాసుకున్నది పోగొట్టుకోవాలా? వేరే కంపెనీ సిస్టం ఏదీ లేదా?"

"ఉచితంగా దొరికేది ఒకటుంది. ఎవరెవరో కలిసి రాసుకున్నది. కానీ దాన్నెవరు వాడతారు సార్? చెడిపోతే నన్ను పిలవబాకండి. నా చేతికి తెలిసిన సిస్టం కాదు అది."

ఆ ఆఖరి మాట దగ్గర నేను ఆగిపోయాను. అచ్చం ఆ మాటే నేను ఇదివరకు విన్నాను. కంప్యూటర్ అనే మాట మా ఊళ్లో ఎవరి చెవినా పడని కాలంలో, ఇంజన్లు బాగుచేసే మస్తానన్న నోటినుంచి, మా చేని గట్టు మీద. బస్సులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ చేనే కళ్లముందు కదిలింది.

మాది అల్లూరికి తూర్పున, కాలవ చివరి ఊరు. పైవాళ్లందరూ తడుపుకున్నాక మిగిలిన నీళ్లు మాకు. మేం వేసే మొలగొలుకుల వరి ఎక్కువ కాలం పైరు. సరిగ్గా నీళ్లు కావాల్సిన వేళకు కాలవ అడుగంటేది. అప్పుడు కాలవ గుంటల్లోంచి ఇంజన్లతో తోడుకోవాల్సిందే. అందుకని ఎకరమో రెండెకరాలో ఉన్న ప్రతివాడి దగ్గరా ఒక ఆయిల్ ఇంజను ఉండేది. ఊరు ఊరంతా ఒకే కంపెనీది, ఒకే ఆకుపచ్చ రంగు. ఇంకో కంపెనీ ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. పొద్దున్నే సముద్రం మీదనుంచి ఉప్పగాలి వీస్తుంటే, ఒక్కో చేనిలో ఒక్కో ఇంజను దగ్గి, మూలిగి, అందుకునేది. మా జేజి, అంటే నాయనమ్మ, మంచంలో పడుకునే శబ్దాన్ని బట్టి, "అది పెంచలయ్య ఇంజను. అదో, అది రామానాయుడిది, బొంగురు పోయుండాది" అని చెప్పేది. మా ఇంట్లో డీజిల్ వాసన, ఉడకబెట్టిన వడ్ల వాసన, మా అమ్మ మామిడికాయ వేసి కాచే చేపల పులుసు వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర నాకు ఆకలేస్తుంది. చెబితే సుశీల నవ్వుతుంది.

అందరిదీ ఒకే ఇంజను కావడంలో ఒక సుఖం ఉంది. లేదని నేననను. మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. పైరు పొట్ట మీద, అంటే కంకి వేసే ముందు, ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి ఇంజను సామాను అడిగితే లేదనకూడదు. ఒకరి గ్యాస్కెట్టు ఇంకొకరికి, ఒకరి నాజిలు ఇంకొకరికి. పగవాడైనా సరే, గట్టు మీద నిలబడి అడిగితే విప్పి ఇవ్వాల్సిందే. తిట్టుకుంటూ ఇవ్వొచ్చు. ఇక రిపేరుకు మస్తానన్న. సైకిలు హ్యాండిలుకు సంచి తగిలించుకుని వచ్చేవాడు. కళ్లు మూసుకుని ఆ ఇంజను విప్పి బిగించగలడు. వేరే ఇంజను గురించి ఆలోచించాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

అయితే ఆ ఇంజనుకు ఒక దుర్గుణం ఉండేది. హ్యాండిలు పెట్టి తిప్పేటప్పుడు ఒక్కోసారి ఎదురు తిరిగేది. తిరిగిందంటే హ్యాండిలు చేతిని వెనక్కి విసిరికొట్టేది. మా ఊళ్లో మణికట్టు వంకర లేని రైతు తక్కువ. ఆ వంకరను చూసి ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. మీసం ఉన్నట్టు అదీ ఉంటుంది అనుకునేవాళ్లు. కంపెనీకి తెలియదా? తెలుసు. ఏటా డీలరు వచ్చేవాడు, క్యాలెండర్లు పంచేవాడు, ఈసారి ఇంజనుకు కొత్త రంగు వేశామని చెప్పి పోయేవాడు. కొనేవాడు ఎటూ కొంటాడు. ఇక హ్యాండిలు గురించి తల పగలగొట్టుకోవడం ఎందుకు?

మా చిన్నాయన చెయ్యి విరిగిన ఏడు మా నాయనకు కోపం వచ్చింది. మా ఇంట్లో ఇంజను తిప్పగలిగింది ఇద్దరే. చిన్నాయన చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుంటే, నాయన నెల్లూరు ధాన్యం మండీకి పోయిన రోజున చేనికి నీళ్లు లేవు. నాయన ఎవరితోనూ చెప్పకుండా నెల్లూరులో వేరే కంపెనీ ఇంజను కొని బండి మీద తెచ్చాడు. నీలం రంగుది. దాని హ్యాండిలు తేలిక. ఇంజను ఎదురు తిరిగితే హ్యాండిలు దానంతటదే జారి బయటికి వచ్చేసేది, చేతికి దెబ్బ తగిలేది కాదు. జేజి దానికి పసుపూ కుంకుమా పెట్టింది. నాయన అమ్మను పిలిచి, "నువ్వు తిప్పు" అన్నాడు. అమ్మ కొంగు బిగించి, రెండు చుట్లు తిప్పింది. ఇంజను అందుకుంది. అమ్మ వెనక్కి గెంతి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజునుంచి పొద్దున పొయ్యి వెలిగించినట్టే ఇంజనూ అమ్మే వెలిగించేది.

పక్క చేను పెంచలయ్యకు ఇది మింగుడు పడలేదు. అతని మణికట్టు రెండుసార్లు విరిగి అతుక్కున్నది. గట్టు మీద నిలబడి, "సుబ్బన్నా, ఆడమనిషి తిప్పే ఇంజను ఇంజనా, తిరగలా? రేపు అది మొరాయిస్తే ఎవరి సామాను అడుగుతావు? మా ఇంజన్ల సామాను దానికి పట్టదు, తెలుసుకో" అన్నాడు.

"నీ చెయ్యి నీకుంది, నా ఇంజను నాకుంది, పో పెంచలయ్యా" అన్నాడు నాయన.

మొరాయించనే మొరాయించింది. అదీ పైరు పొట్ట మీద ఉండగా. డీజిల్‌ను తుంపరగా చిమ్మే నాజిలు పాడైంది. నెల్లూరు డీలరు, సామాను మద్రాసు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేను అన్నాడు. మస్తానన్న వచ్చాడు. ఇంజను చుట్టూ తిరిగాడు, ముట్టుకోలేదు. "నా చేతికి తెలిసిన ఇంజను కాదు సుబ్బన్నా. నేను చెయ్యి పెట్టి చెడగొడితే మాట నాకొస్తుంది" అన్నాడు. చేను నెర్రెలిచ్చింది. ఆ ఏటి తిండి మొత్తం ఆ చేనిలో ఉంది. అంతకంటే, ఊరు వద్దన్న ఇంజను కొన్న మనిషిగా నాయన పరువు ఆ గట్టు మీద ఉంది. అమ్మ పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ చేనికి పోయి, ఇంజను మీద చెయ్యి పెట్టి తిరిగి వచ్చేది.

చివరికి నాయన పెంచలయ్య గట్టు మీదికి పోయి నాజిలు అడిగాడు. కట్టుబాటు కట్టుబాటే. పెంచలయ్య తన దగ్గరున్న అదనపు నాజిలు తెచ్చి చేతిలో పెట్టాడు. "తీసుకో. పడితే బిగించుకో" అని నవ్వాడు. పట్టలేదు. మా ఇంజను రంధ్రం పెద్దది, ఆ నాజిలు సన్నం. లోపల లొడలొడ ఆడింది.

అమ్మ అక్కడే నిలబడి చూస్తోంది. కుడుములు పెట్టేటప్పుడు బాన మూతికి చిల్లుల గిన్నె వదులైతే ఆమె తడిగుడ్డ మెలిపెట్టి చుట్టూ చుట్టేది, ఆవిరి పోకుండా. "వదులైతే చుట్టూ ఏదన్నా తొడగండి. దానికింత దిగులెందుకు?" అంది. నాయనకు ఆ మాట నచ్చింది, కానీ తొందరపడ్డాడు. డాల్డా డబ్బా రేకు కత్తిరించి నాజిలుకు చుట్టి, దిగ్గొట్టి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను ఒక్క ఊపు ఊపి, రేకు సందులోంచి మసంతా నాయన మొహాన కొట్టింది. పళ్లూ కళ్లూ తప్ప ఏమీ కనపడలేదు. పెంచలయ్య గట్టు మీద కూలబడి నవ్వాడు. "సుబ్బన్నా, ఏం వేషం కడతా ఉండావు? ఊళ్లో నాటకం ఉందని నాకు చెప్పలేదే!" అమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ కష్టంలో మా ఇంట్లో నవ్వు వినపడ్డది ఆ ఒక్కసారే.

మర్నాడు నాయనా నేనూ ఇంజను తల విప్పి గోనెసంచిలో కట్టుకుని నెల్లూరు బస్సెక్కాం. కండక్టరు సంచిని తన్ని చూసి, "ఏందిది?" అన్నాడు. "తలకాయ" అన్నాడు నాయన, అలిసిపోయిన గొంతుతో. పక్కన కూర్చున్నావిడ లేచి ముందుకు పోయింది. లోహం చెక్కే లేతు షాపులో నాయన ఇంజను తలనూ పెంచలయ్య నాజిలునూ పక్కపక్కన పెట్టి, రెండింటి మధ్య పట్టేది కావాలన్నాడు. లేతు ఆయన రెండూ తిప్పి చూసి, "రెండు కంపెనీల మధ్య సంబంధం కుదర్చమంటావు. కట్నం ఎవరిస్తారు?" అన్నాడు. ఇత్తడి కడ్డీ బిగించాడు. బంగారు దారాల్లాగా రజను చుట్టలు చుట్టలుగా రాలింది. ఇంకా వేడిగా ఉన్న బుష్షును నాయన అరచేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటూ ఊదుకున్నాడు.

బిగించేటప్పుడు మస్తానన్న కూడా వచ్చి కూర్చున్నాడు. ఈసారి చెయ్యి పెట్టాడు. నాజిలు తనకు తెలిసిందే కదా. అన్నీ అయ్యాక నాయన హ్యాండిలు తీసి అమ్మకిచ్చాడు. పెంచలయ్య గట్టు మీదనుంచి చూస్తున్నాడు. అమ్మ తిప్పింది. ఒకటి, రెండు. దగ్గింది. మళ్లీ తిప్పింది. అందుకుంది. గొట్టంలోంచి మొదట బురద, తర్వాత తేట నీళ్లు, కాలవ గుంట వాసన మోసుకుంటూ పడ్డాయి. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే చిన్న చిన్న బుడగలు వచ్చాయి. నాయన మడిలో దిగి నిలబడ్డాడు, పాదాలు తడిసేదాకా కదల్లేదు.

ఆ తర్వాతి ఏడు పంటకు ముందు పెంచలయ్య మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడి, ఎటో చూస్తూ, "సుబ్బన్నా, ఆ బుష్షు ఒకసారి ఇస్తావా? కొలత తీసుకుని ఇచ్చేస్తా. మా ఆడమనిషి కూడా నీలం ఇంజనే కావాలంటా ఉండాది" అన్నాడు. నాయన నవ్వలేదు. అమ్మ నవ్వింది. ఆ బుష్షు మా ఊళ్లో చాలా చేతులు తిరిగింది. కొన్నాళ్లకు ఆకుపచ్చ కంపెనీ డీలరు క్యాలెండర్లతో కాక, కొత్త ఇంజనుతోనే వచ్చాడు. దాని హ్యాండిలు కూడా, ఇంజను ఎదురు తిరిగితే జారి బయటికి వచ్చేది! ఇన్నేళ్లూ ఆ చిన్న ఏర్పాటు ఎక్కడ పోయింది? మా చిన్నాయన వంకర చెయ్యి తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. తెలివి లేక కాదు, అక్కర లేక చెయ్యలేదు. పక్కన నీలం ఇంజను నిలబడ్డాక అక్కర వచ్చింది.

కంప్యూటర్ సిస్టం సంగతీ ఇదేనని నాకనిపిస్తుంది. పెద్ద కంపెనీ కొత్తవి చెయ్యలేదని నేననను. చేసింది, చాలా చేసింది. నా షాపు నడిచింది దాని పుణ్యానే. కానీ పోటీ లేనివాడు తనకు తోచిన కొత్త చేస్తాడు, పోటీ ఉన్నవాడు మనకు కావాల్సిన కొత్త చేస్తాడు. మూలనున్న గుర్తు మధ్యకు జరపడం, రంగులు మార్చడం, అడగనివి తెర మీద పెట్టడం నాకు కొత్త క్యాలెండర్ల లాగే కనిపిస్తాయి. ఫోన్లలో చూడండి. రెండు సిస్టంలు పోట్లాడుకున్నంత కాలం ఏటా ఏదో ఒక మంచి పుట్టింది. ఊరిని చెరిసగం పంచుకుని కూర్చున్నాక ఇద్దరికీ తొందర తగ్గింది. ఇంకొకటి కూడా నాకు ఆ చేనిలోనే తెలిసింది. నీలం ఇంజనును ఇన్నాళ్లూ ఊళ్లోకి రానివ్వనిది దాని లోపం కాదు, ఆకుపచ్చ ఇంజను గొప్పా కాదు. సామాను పట్టదన్న భయం. మస్తానన్నకు తెలియదన్న భయం. ఆ భయాన్ని తీసింది ఏ గొప్ప ఇంజనూ కాదు, అరచేతిలో పట్టే బుష్షు. కాబట్టి ఎన్ని కంపెనీలున్నాయని లెక్కపెడితే చాలదు. ఒకదాని సామాను ఇంకోదానికి పట్టేలా బుష్షు చేయించుకునే వీలు మనకుందా లేదా, అది చూడాలి.

బస్సు దిగి ఇంటికొచ్చి నేను ఆ ఉచిత సిస్టం సంగతి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు అర్థం కాని చోట డిక్షనరీ తీశాను, చిన్నప్పుడు నీలం ఇంజనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివినట్టే. ఆ సిస్టంను పెన్‌డ్రైవులో ఎక్కించాను, నేను రాసినవన్నీ వేరే డిస్కులో దాచుకున్నాను, దేవుడిమీద భారం వేసి బటన్ నొక్కాను. పాత కంప్యూటర్ పడుచుదనం వచ్చినట్టు చకచకా లేచింది. కానీ నా తెలుగు ప్రోగ్రాం లేవలేదు. అది ఆ కంపెనీ సిస్టం కోసం చేసింది, ఇక్కడ పట్టదు. రెండు రోజులు అన్నం సయించలేదు. సుశీల పెరుగన్నం తెచ్చి బల్ల మీద పెట్టి, "పోతే పోయింది, మళ్లీ రాసుకుందువులే" అంది. మళ్లీ రాయడానికి నా దగ్గర ఇంకో అన్నేళ్లున్నాయా?

మూడోనాడు తెలిసింది, ఒక సిస్టం కోసం చేసిన ప్రోగ్రామును ఇంకో సిస్టంలో నడిపించే మధ్య ప్రోగ్రాం ఒకటి ఉందని. అదీ ఉచితమే. ఎక్కడివాళ్లో, ఎవరికి చెయ్యి విరిగిందో, పంతం పట్టి చేశారు. దాన్ని ఎక్కించి, నా తెలుగు ప్రోగ్రాంను దాంట్లో దిగ్గొట్టాను. మొదటిసారి తెర నల్లబడింది, నాయన మొహం గుర్తొచ్చింది. మళ్లీ సరిచేసి తిప్పాను. అందుకుంది. పాత ఫైలు తెరిచాను. చీమలు కాదు, అక్షరాలు. "అమ్మ కొంగు బిగించి" అన్న వాక్యం నిలువుగా నిలబడింది. అప్పుడే లేచి పోయి పూజ అలమరలోంచి బుష్షు తెచ్చుకున్నది.

నిన్న సురేష్ ఫోన్ చేశాడు. "పెద్దాయనా, నడుస్తా ఉందా?" అన్నాడు. నడుస్తోందన్నాను. అప్పుడు అసలు సంగతికి వచ్చాడు. "మా మామగారి పాత మిషన్ ఒకటుంది. మీరు ఎక్కించింది ఎట్టాగో ఒకసారి చెబుతారా? ఊరికే, తెలుసుకుందామని." రమ్మన్నాను. భోజనానికే రమ్మన్నాను.

ఈ మాటలన్నీ ఆ సిస్టంలోనే, ఆ పాత అక్షరాలతోనే కొట్టాను. ఇంతలో పొద్దు వాలింది. సుశీల స్నానం చేసి వచ్చి, చేతిలో ఊదొత్తులతో నా బల్ల పక్కన నిలబడింది.

"నీ ఇంజను తిరుగుతా ఉందా?"

"తిరుగుతా ఉంది."

"అయితే నా బుష్షు నాకియ్యి."

ఇచ్చేశాను. లోపల ఇసక పోస్తున్న చప్పుడు వినపడుతోంది.